వాయిదాల మధ్య పెరిగే బిడ్డలు

(గుడిమల్కాపూర్‌లో చేసిన స్మారక ఉపన్యాసం, ముద్రణ పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన్ని ఈ బస్తీలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. జామ్‌సింగ్ గుడి దగ్గర ఇళ్లలోనూ, మసీదు వెనక ఇళ్లలోనూ ఆయన వకీల్ సాబే. మొగుడూ పెళ్లాల తగాదా ఏది వచ్చినా ఆయన ముందు అడిగేది ఒకటే: "పిల్లలున్నారా? ఈ రాత్రి ఎవరింట్లో పడుకుంటారు?" పెళ్లెప్పుడయింది, బంగారం ఎవరి దగ్గరుంది, ఎవరు ఎవరి మీద చెయ్యి చేసుకున్నారు అన్నవన్నీ ఆ తర్వాతే. ఆయన దగ్గర జూనియర్‌గా ఉన్న రోజుల నుంచి ఇప్పటిదాకా పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టుకు తిరుగుతూనే ఉన్నాను. పిల్లల కేసులో ఆ ప్రశ్నకు మించిన ప్రశ్న నాకు ఇంకా దొరకలేదు.

ఎందుకో చెబుతాను. కస్టడీ కేసు తుది తీర్పు రోజున తేలుతుందని బయటివాళ్లు అనుకుంటారు. చాలా కేసులు మొదటి కొద్ది నెలల్లోనే తేలిపోతాయి. గొడవ పడ్డ రోజు బిడ్డను ఎవరు తీసుకెళ్తే వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. జూన్ వస్తే ఆ వీధిలో బడిలో చేర్పిస్తారు. ఇటు కోర్టులో నోటీసు వెళ్లాలి, వకాలత్ పడాలి, కౌంటర్ రావాలి, కౌన్సెలర్ దగ్గర కూర్చోవాలి, చీఫ్ అఫిడవిట్, క్రాస్, వాదనలు కావాలి. ఇదంతా అయ్యేసరికి రెండు మూడు తరగతులు దాటిపోతాయి. అప్పుడు జడ్జి గారు చూసేది, బిడ్డ ఇక్కడ కుదురుకుందా, బడి బాగుందా, స్నేహితులున్నారా, ఇప్పుడు కదిలిస్తే దెబ్బతింటుందా అని. న్యాయంగా అడగాల్సిన ప్రశ్నే అది. కానీ ఆ జవాబును తయారుచేసింది మన వాయిదాలే. అందుకే ఈ వేదిక మీద నేను చెప్పదలచుకున్నది ఇది: పిల్లల విషయంలో మధ్యంతర ఉత్తర్వే అసలు తీర్పు. మొదటి నెలలో వేసే మధ్యంతర దరఖాస్తును, అంటే ఐ.ఏ.ని, చిన్న పిటిషన్‌గా చూసినంత కాలం మనం బిడ్డ సంక్షేమం గురించి ఎన్ని మాటలు చెప్పినా అవి కాగితం మీదే ఉంటాయి.

అసలు ఈ కోర్టులు పుట్టిందే ఆలస్యాన్ని, వైరాన్ని తగ్గించడానికి. మన దేశంలో కుటుంబ న్యాయస్థానాలు వేరుగా ఉండాలని మొదట గట్టిగా అడిగింది మన తెలుగింటి ఆడపడుచు, రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో చైనా వెళ్లి, అక్కడి కుటుంబ న్యాయస్థానాల పనితీరు చూసి వచ్చి, బొంబాయి హైకోర్టులో ఉన్న ఎం.సి. ఛాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్ గార్లతో, ప్రధాని నెహ్రూతో ఆ సంగతి చర్చించారు. ఎనిమిదేళ్ల వయసులో తనకు చేసిన పెళ్లిని, ఊహ తెలిశాక వద్దనుకుని బయటకు వచ్చిన మనిషి ఆమె. మద్రాసులో వకీలుగా పనిచేశారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. విడిపోవడం ఎంత బరువో, కోర్టు భాష ఆడవాళ్లకు ఎంత దూరమో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె 1981లో వెళ్లిపోయారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. 

ఆ చట్టం తిరగేస్తే ఆమె కోరిన కోర్టు కనిపిస్తుంది. రాజీకి ప్రయత్నించడం 9వ సెక్షన్ కింద జడ్జి బాధ్యత. ఎవరైనా ఒకరు కోరితే తలుపులు మూసి విచారించాలి. మానసిక వైద్యుల, సంక్షేమ నిపుణుల సాయం తీసుకోవచ్చు. మామూలు సాక్ష్య నియమాల బిగింపు ఉండదు. వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కుగా రాదు, కోర్టు అనుమతించాలి. వకీలుగా ఈ మాట సంతోషంగానే చెబుతున్నాను. కొన్ని ఇళ్ల గొడవల్లో మా నల్లకోటు అవతలికి జరిగితే సగం వేడి తగ్గుతుంది. కానీ ఇదే చట్టంలోని 19వ సెక్షన్ చూడండి. హైకోర్టుకు అప్పీలు తుది తీర్పుల మీదే, మధ్యంతర ఉత్తర్వుల మీద లేదు. అంటే బిడ్డ జీవితాన్ని నిజంగా మలిచే ఉత్తర్వును చట్టం దారిలో వచ్చే చిన్న మజిలీగా లెక్కేసింది. దాని మీద పైకి వెళ్లాలంటే రాజ్యాంగంలోని 227వ అధికరణ పట్టుకోవాలి. ఇంతదూరం రోజు కూలీ మీద బతికేవాళ్లు ఎందరు పోగలరు?

ఇక ఏ కొలతతో తేలుస్తారన్న సంగతి. మూలం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. దానిలో 17వ సెక్షన్ బిడ్డ వయసు, ఆడా మగా, మతం, అడిగే మనిషి నడవడి, సామర్థ్యం, రక్తసంబంధం ఎంత దగ్గర, ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ల ఇష్టం, ఇవన్నీ చూడమంటుంది. హిందువులకు 1956 నాటి మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ఉంది. దాని 6వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరుండాలి. 13వ సెక్షన్ ప్రకారం బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా పైన. ఐదేళ్ల లోపు బిడ్డను తల్లికి ఇవ్వొద్దంటే ఎందుకు వద్దో తండ్రే రుజువు చేసుకోవాలని, గోవా నుంచి వచ్చిన కేసులో 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముస్లిం కుటుంబాల్లో హనఫీ పద్ధతిలో హిజానత్ ఉంది: మగబిడ్డ ఏడేళ్ల దాకా, ఆడపిల్ల ఈడేరేదాకా తల్లి దగ్గర. టోలీచౌకి నుంచి వచ్చినా, గుడిమల్కాపూర్ నుంచి వచ్చినా కేసు నడిచేది ఆ 1890 చట్టం కిందే, ఆ ఫ్యామిలీ కోర్టు హాల్లోనే. మతం ఏదైనా చివరికి జడ్జి గారు చూసేది ఈ బిడ్డకు ఏది మంచిది అన్నదే.

తండ్రి తర్వాతే తల్లి సంరక్షకురాలు అని 1956 చట్టం 6వ సెక్షన్‌లో ఉన్న మాట చాలా ఏళ్లు తల్లులను ఏడిపించింది. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేర బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు తిప్పి పంపింది. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1999 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పుతో, తండ్రి బతికున్నా బిడ్డ బాగోగులు పట్టించుకోకపోతే తల్లే సహజ సంరక్షకురాలు అయింది. ఇవాళ బడిలో, బ్యాంకులో, పాస్‌పోర్టు ఆఫీసులో తల్లి ఒక్కతే వచ్చి నిలబడగలుగుతోందంటే ఆ తీర్పు చలవ చాలా ఉంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. "ఆయనకు సొంతిల్లు ఉంది, నేను మిషన్ కుట్టుకుంటాను, బిడ్డను నాకిస్తారా సార్?" అని మా ఆఫీసులో కన్నీళ్లు పెట్టుకున్న తల్లులున్నారు. ఇస్తారమ్మా. సంపాదన ఒక్కటే చూసి బిడ్డను అప్పగించకూడదని పై కోర్టులు పదేపదే చెప్పాయి. డబ్బున్నవాళ్లు మనోవర్తి కట్టాలి. దానికి వేరే సెక్షన్లున్నాయి.

వకీల్ సాబ్ ప్రశ్నలో రెండో సగం "ఎవరింట్లో" అన్నది. 1890 చట్టం 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుందో అక్కడి కోర్టుకే పరిధి. ఇక్కడి నుంచి నాలుగు స్టాపుల దూరంలో అత్తాపూర్, అది రంగారెడ్డి జిల్లా. తల్లి పుట్టింటికి అత్తాపూర్ వెళ్తే కేసు ఏ కోర్టులో వేయాలన్న వాదనతోనే నెలలు గడిచిపోతాయి. అదే వాదన సముద్రాలు దాటితే ఏమవుతుందో హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఒక కేసు చూపించింది. భార్యాభర్తలిద్దరూ మన తెలుగువాళ్లు, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు. పిల్లలిద్దరూ అమెరికా పౌరులు. పెన్సిల్వేనియా కోర్టులో తగాదా ఉండగా 2017లో తల్లి పిల్లలతో హైదరాబాద్ వచ్చి ఇక్కడ పిటిషన్ వేసింది. కొద్దిరోజుల బస వల్ల ఈ ఊరు పిల్లలు మామూలుగా నివసించే చోటు అయిపోదని హైకోర్టు చెప్పింది. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. అంతకు పదేళ్ల ముందు తేలింది, తిరుపతిలో పెళ్లయిన మరో జంట కేసు. తల్లి 2007లో బాబును అమెరికా నుంచి తీసుకొచ్చింది. ఆచూకీ కోసం సుప్రీంకోర్టు సి.బి.ఐ.ని పంపాల్సి వచ్చింది. చెన్నైలో దొరికేసరికి రెండేళ్లు దాటాయి. 2009 నవంబరులో తిరిగి పంపమని ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్ల పిల్లాడు ఏడేళ్లవాడయ్యాడు. ఈ మధ్యలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తిరుగుతూనే ఉన్నాడు.

అంతర్జాతీయంగా ఇలాంటి పిల్లల్ని త్వరగా వెనక్కు పంపడానికి 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది. మన దేశం అందులో చేరలేదు. చేరితే హింస భరించలేక బిడ్డతో పుట్టింటికి పరిగెత్తుకొచ్చిన తల్లుల గతేమిటన్న భయం ఉంది, అది తీసిపారేయదగ్గ భయం కాదు. 2017లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, విదేశీ కోర్టు ఉత్తర్వు చూడాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ మేలే ముందు అని చెప్పి ఒక పాపను ఇక్కడే తల్లి దగ్గర ఉంచింది. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల కేసు వస్తే ఇది ఇలా తేలుతుందని ముందే చెప్పడం ఏ వకీలుకీ సాధ్యం కాదు. త్వరగా కోర్టుకు రావాలి అన్నది ఒక్కటే ధైర్యంగా చెప్పగలిగే మాట.

కాలం ఏం చేస్తుందో చూడటానికి నా మనసులో ఎప్పుడూ మెదిలేది ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మరో కేసు. విడిపోయిన తల్లిదండ్రులది కాదు. తండ్రి చనిపోయాడు, అప్పటికి బాబుకు మూడు నెలలు కూడా నిండలేదు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. తాత, నాయనమ్మ సంరక్షకత్వం కోసం 2008లో కోర్టుకెళ్లారు. బిడ్డను తల్లి దగ్గరే ఉంచారు, కానీ బాబు ఇంటిపేరు తిరిగి మొదటి తండ్రిదే పెట్టాలని 2014లో హైకోర్టు చెప్పింది. రికార్డుల్లో ఇప్పటి భర్తను సవతి తండ్రి అని రాయమంది కూడా. అది క్రూరం, బుద్ధిలేని పని అని 2022 జులై 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని చెప్పింది. ఈలోపు 2019లో ఆ రెండో తండ్రి బాబును రిజిస్టరు పత్రంతో దత్తత తీసుకున్నాడు. తీర్పు వచ్చేసరికి ఆ కుర్రాడికి పదహారేళ్లు. బడికి మొదటిసారి వెళ్లక ముందు మొదలైన కేసు పదో తరగతి పరీక్షల ఈడుకు ముగిసింది. తీర్పు గొప్పది. పద్నాలుగేళ్లు ఎవరు తిరిగిస్తారు?

జడ్జి గారు చాంబర్‌లో బిడ్డతో మాట్లాడటం గురించి ఎందరో అడుగుతుంటారు. అమ్మ కావాలా, నాన్న కావాలా అని మంచి జడ్జి అడగరు. పొద్దున జడ ఎవరు వేస్తారు, జ్వరం వస్తే ఎవరు లేస్తారు, ప్రోగ్రెస్ కార్డు ముందు ఎవరికి చూపిస్తావు అని అడుగుతారు. నేర్పి పంపిన పిల్లలు ఇట్టే తెలిసిపోతారు. ఏడేళ్ల పిల్ల నోట "మానసిక వేధింపులు" అనే మాట వస్తే అది ఎవరి అఫిడవిట్ నుంచి వచ్చిందో వెతకాల్సిన పని లేదు. దీన్ని పట్టుకుని ఇటీవల కొందరు వకీళ్లు ప్రతి కేసులోనూ అవతలివాళ్లు బిడ్డ మనసు విరిచేశారనీ, అది "పేరెంటల్ ఏలియనేషన్" అనీ రాస్తున్నారు. రుజువు లేకుండా ఆ ముద్ర వేయడానికి తొందరపడొద్దని 2024లో సుప్రీంకోర్టు హెచ్చరించింది. బిడ్డ ఒకరి దగ్గరకు వెళ్లనంటే దానికి నిజమైన కారణమూ ఉండొచ్చు. భయం కూడా కారణమే.

ఇప్పుడు ఈ బస్తీ సంగతికి వస్తాను. ఇక్కడి మార్కెట్లో బంతి, చామంతి అమ్ముకునే ఒక తండ్రి కేసు ఇది. గుర్తుపట్టకుండా వివరాలు కొంత మార్చి చెబుతున్నాను. ఆరేళ్ల పాప తల్లి దగ్గర ఉంది. ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా పాపను చూడొచ్చని ఉత్తర్వు. కాగితం మీద ఉదారమైన ఉత్తర్వే. కానీ మార్కెట్లో లోడు తెల్లవారక ముందే దిగుతుంది, ఆదివారాలు పెళ్లిళ్ల గిరాకీ. శ్రావణమాసం, వినాయక చవితి, బతుకమ్మ వచ్చాయంటే అన్నం తినడానికే తీరిక ఉండదు. ఆయన ఒక ఆదివారం రాలేదు, తర్వాత ఇంకొకటి. అవతలి పక్షం ఆ రాని రోజులన్నీ లెక్కగట్టి, తండ్రికి బిడ్డ మీద ఆసక్తి లేదని మెమో వేసింది. ఆ మెమో చదివితే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. 

కోర్టు ఆవరణలోనే గంటసేపు కలుసుకోవాలని ఇచ్చిన ఒక రోజున ఆయన చాక్లెట్లు, బొమ్మలు తేలేదు. ఒక కవరులో కాసిని చామంతులు, దారపు ఉండ తెచ్చాడు. మొదట పాప తల్లి కొంగు వదల్లేదు. ఆయన ఏమీ పిలవకుండా బల్ల మీద దారం పరిచి, రెండు పూలు అటు, రెండు ఇటు పెట్టి ముడి వేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి పాప వచ్చి పక్కన నిలబడింది. తర్వాత పూలు ఏరి అందించింది. ముడి వదులుగా వేస్తే "నాన్నా, జారిపోతుంది" అంది. బెంచ్ క్లర్క్ వచ్చి టైమయిందని చెప్పేసరికి మూర కూడా పూర్తి కాలేదు. ఆ రోజు తర్వాత వేసిన పిటిషన్ మీద జడ్జి గారు ఉత్తర్వు మార్చారు. ఆదివారం తీసేసి మంగళవారం, గురువారం బడి వదిలాక రాత్రి ఎనిమిది దాకా పెట్టారు. పండగ రోజుల్లో రాలేకపోతే ఆ వారంలోనే మరో రోజు ఇవ్వాలని రాశారు. బడి గేటు దగ్గరే అప్పగించాలి, ఎవరి ఇంటి గుమ్మమూ తొక్కనక్కర్లేదు అన్నారు. చట్టం అదే, సెక్షన్ అదే. మారిందల్లా ఆ మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో చూసి గడియారం ముల్లు జరపడం.

ఉత్తర్వులో ఇంత చిన్న సంగతులు రాయాలా అని కొందరు పెద్ద వకీళ్లు విసుక్కుంటారు. రాయాలి. ఎవరు తీసుకెళ్లాలి, ఆటో ఖర్చు ఎవరిది, మందులు వెంట పంపాలా, వేసవి సెలవులు ఎలా పంచుకోవాలి, పుట్టినరోజు ఎవరి దగ్గర, అమ్మమ్మ ఊరు తీసుకెళ్లొచ్చా. ఇవి రాయని ఉత్తర్వు మళ్లీ పది పిటిషన్లను కంటుంది. బిడ్డ దగ్గర లేని తల్లి లేదా తండ్రి రోజూ ఐదు పది నిమిషాలు వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడే వీలుండాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫోను లేని ఇల్లు ఈ బస్తీలో లేదు, కాబట్టి ఆ ఒక్క వాక్యం ప్రతి మధ్యంతర ఉత్తర్వులో మొదటి రోజే పడొచ్చు. ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటివ్వాలని, తల్లిదండ్రులు పెంపకం ప్రణాళిక రాసుకోవాలని లా కమిషన్ 2015 మే నెలలో తన 257వ నివేదికలో సూచించింది. అది ఇప్పటికీ చట్టం కాలేదు.

ఉత్తర్వు ఉండీ బిడ్డను పంపకపోతే ఏం చేయాలి? బిడ్డను హాజరుపరచమన్న ఆదేశాన్ని ధిక్కరిస్తే 1890 చట్టం 45వ సెక్షన్ వేసే జరిమానా వంద రూపాయలు మించకూడదు. తర్వాత రోజుకు పది రూపాయలు, మొత్తం కలిపి ఐదు వందలకు మించకూడదు. సివిల్ జైలు కూడా ఉంది నిజమే, కానీ బిడ్డ కళ్లముందే తల్లినో తండ్రినో జైలుకు పంపే ఉత్తర్వు రాయడానికి ఏ జడ్జికీ చెయ్యి ఆడదు, ఆడకూడదు కూడా. 1890లో ఐదు వందలు పెద్ద మొత్తం. ఇవాళ ఆ డబ్బుతో మన మార్కెట్లో శ్రావణ శుక్రవారం ఒక పూల బుట్ట రాదు. పాటించనివాళ్లకు ఖర్చులు వేయడం, పోయిన గంటలకు బదులు గంటలు ఇప్పించడం, పదేపదే అడ్డుపడితే సంరక్షణనే తిరిగి పరిశీలించడం లాంటి మధ్యస్థ దారులు చట్టంలోకి రావాలి. శాసనసభలో కూర్చున్న వకీళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లు ఈ 45వ సెక్షన్ ఒక్కసారి తెరిచి చదవాలి.

ఈ హాల్లో ఉన్న బస్తీ పెద్దలతో కూడా ఒక మాట. కేసు కోర్టుకు రాకముందే మీ దగ్గరకు వస్తుంది. అప్పుడు మీరు అడిగే మొదటి ప్రశ్న బంగారం గురించి కాకుండా బిడ్డ గురించి కావాలి. కోపంలో బిడ్డను ఊళ్లో అక్క ఇంట్లో దాచేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. దాచిన నెలరోజులు తర్వాత రెండేళ్లవుతాయి. ఇక కొత్తగా ప్రాక్టీసుకు వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: పిల్లల కేసు దాఖలు చేసేటప్పుడు మెయిన్ పిటిషన్‌తో పాటే కలుసుకునే రోజులు, వేళల కోసం ఐ.ఏ. జత చేయండి, మరుసటి వాయిదాకు వదలొద్దు. అందులో తండ్రి డ్యూటీ వేళలు, తల్లి పని వేళలు, బడి వదిలే సమయం, బిడ్డ నిద్రపోయే సమయం అంకెలతో సహా రాయండి. జడ్జి గారి బల్ల మీద రోజుకు ఎన్నో ఫైళ్లుంటాయి. ఆ నాలుగు అంకెలు కనిపిస్తే ఆ పూటే ఉత్తర్వు రాయించుకోవచ్చు.